స్టేజీకి ఎడమ మూల మా అత్త

ఆష్‌బర్న్ దగ్గర ఒక హాల్లో ఆ మధ్యాహ్నం సౌండ్ చెక్ చేసుకుంటున్నాం. మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంటుంటే జేబులో ఫోన్ మోగింది. నాన్న. షో ఉన్న రోజు నాన్న నాకు ఫోన్ చేయడు, ఆయనకు భయం. అందుకే ఎత్తాను. "అత్త ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందమ్మా" అన్నాడు. "ఏ అత్త?" అని అడిగాను. నాకు ఉన్నది ఒక్కతే అత్త.

నిజానికి ఆ వేళకి ఆమె మా దగ్గరికి వచ్చే దారిలో ఉండాలి. ఆదివారం సంఘంలో భోజనాల వంతు ఆమెది. పొద్దున్నే మా ఊరు మోరిస్‌విల్‌లో సరుకులు కొని, ఇంట్లో పడేసి, అట్నించి అటే కారేసుకుని వచ్చేస్తానంది. ఇండియన్ స్టోర్ ముందు గీతల మధ్య కారు సరిగ్గా ఆపి, ఇంజిన్ కట్టేసి, సీటుకు తల ఆనించి అలాగే ఉండిపోయిందట. గుండె ఆగిపోయింది. పక్క కారు వాళ్లు కునుకు తీస్తోందనుకున్నారట. జీవితమంతా మనుషుల్ని కింద పడేసిన మనిషి, తాను పోయేటప్పుడు మాత్రం ఎవరికీ చిన్న గీరు కూడా పడకుండా పోయింది.

కింద పడేసిన అని మాట వరసకు అనడం లేదు. నేనొక రాక్ బ్యాండులో పాడతాను. పాడతానని నేనంటాను, అరుస్తానని నాన్న అంటాడు. డ్రమ్స్ మీద జోయీ అనే అమ్మాయి, గిటార్ల మీద ఇద్దరు అబ్బాయిలు, ముందు నేను. రేడియోలో మెత్తగా వినపడే రకం కాదు మాది. మా పాట మొదలైతే కింద జనం ఒకరినొకరు గుద్దుకుంటారు, భుజాలతో పొడుచుకుంటారు, కొందరు స్టేజీ మీదకి ఎగబాకుతారు. ఆ జనానికీ నాకూ మధ్య, స్టేజీకి ఎడమ మూల, ఇన్నేళ్లూ మా అత్త నిలబడింది. అరవై దాటిన మనిషి, చుడీదార్ మీద స్పోర్ట్స్ షూ. ఆమె అక్కడ లేకపోతే నేను జనం వైపు తిరిగి ఒక్క పాట పాడలేను. ఈ సంగతి బ్యాండులో వాళ్లకీ, అత్తకీ, నాన్నకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం షో రద్దు చేశాం. సామాను వ్యాన్‌లోకి ఎక్కిస్తూ జోయీ, రెండు వారాల్లో మా ఊరి పక్కనే రాలీలో ఉన్న షో ఏం చేద్దామని అడిగింది.

అత్త మా నాన్నకు అక్క. చీరాలలో ఒక మిషన్ స్కూల్లో పీటీ టీచరుగా చేసింది. అంతకు ముందు కబడ్డీ ఆడేది, రాష్ట్రం జట్టు దాకా వెళ్లింది. జట్టులో కూడా ఆమె చోటు ఎడమ మూలే. అవతలి పక్షం నుంచి కూతకు వచ్చినవాళ్లను చీలమండ దగ్గర పట్టి పడేయడం ఆమె పని. అలా పట్టీ పట్టీ ఎడమ చిటికెన వేలు విరిగి వంకరగా అతుక్కుంది. మావయ్య ఉద్యోగం మూలాన మాకంటే ముందే మోరిస్‌విల్ వచ్చారు. పిల్లలు లేరు. మావయ్య పోయాక మా వీధి చివరి టౌన్‌హౌస్‌లో ఒక్కతే ఉండేది. ఉండేది అన్నమాటే గానీ పగలంతా మా ఇంట్లోనే.

నేను ఈ దేశం వచ్చేసరికి ఆరో తరగతి. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే, స్కూల్ బస్సు దిగగానే అత్త కూర్చోబెట్టి దేవుని వాక్యం చదివించడం వల్ల. ఒత్తు తప్పితే మొట్టికాయ. వచనం మధ్యలో ఊపిరి పీలిస్తే తొడపాశం. "కూత మధ్యలో ఊపిరి తీసినోడు ఔటే, కోడలా. మళ్లీ మొదట్నించి చదువు" అనేది. మా పాటల్లో నేను ఊపిరి తీయకుండా చివరిదాకా లాగే పొడుగాటి అరుపు ఒకటుంది. దాని గురించి పత్రికల వాళ్లు ఏవేవో కారణాలు రాశారు. అసలు కారణం తొడపాశం.

మా మొదటి షో డర్హంలో ఒక పాత గోదాములో జరిగింది. కూతురు రాక్ బ్యాండు పెట్టిందని సంఘంలో చెప్పడానికి నాన్నకు నోరు రాలేదు. బుధవారం కూడికలో, "మా అమ్మాయి మ్యూజిక్ ప్రోగ్రాం ఉంది, ప్రేయర్ చేయండి" అని మాత్రం అన్నాడు. "మ్యూజిక్ మినిస్ట్రీ స్టార్ట్ చేసిందా బ్రదర్? దేవునికి స్తోత్రం!" అన్నారు పాస్టర్ గారు. నాన్న కాదనలేదు. ఇంకేముంది, శనివారం సాయంత్రం సంఘం వ్యాన్ నిండా మనవాళ్లు దిగారు. పట్టుచీరలు, సూట్లు, పెద్ద ట్రే నిండా పులిహోర. కుర్చీలు వేయలేదేమిటని తలుపు దగ్గరి మనిషిని అడిగారట.

జోయీ మొదటి దెబ్బ వేసేసరికి వాళ్లు ముందు వరసలో ఉన్నారు. నేను అరవడం మొదలుపెట్టాను. పాస్టరమ్మ గారు నా మీద పరిశుద్ధాత్మ దిగిందనుకున్నారో ఏమో, కళ్లు మూసుకుని రెండు చేతులూ పైకెత్తారు. ఆరాధనలో మనకది అలవాటే. ఆ గోదాములో చేతులెత్తడానికి అర్థం వేరే. నన్ను ఎత్తి అందరి తలల మీదుగా వెనక్కి పంపండి అని. ఇద్దరు కుర్రాళ్లు ఎంతో మర్యాదగా ఆమెను ఎత్తేశారు. కంచిపట్టు చీరలో పాస్టరమ్మ గారు "యేసయ్యా! యేసయ్యా!" అంటూ జనం చేతుల మీద తేలుతూ వెనక్కి వెళ్లిపోయారు. పాస్టర్ గారు నోరెళ్లబెట్టి చూస్తున్నారు.

అప్పుడు చూశాను మా అత్తని. చున్నీ నడుముకు బిగించి గుంపులోకి దూకింది. వంగి ఒకడి చీలమండ అందుకుని లాగింది, వాడు వెల్లకిలా పడ్డాడు. ఇంకొకడి మోకాళ్ల వెనక భుజంతో గుద్దింది. ఎవరి మోచెయ్యో తగిలి ఆమె ముక్కులోంచి నెత్తురు కారింది, తుడుచుకోలేదు. అడ్డం వచ్చినవాళ్లను పడేసుకుంటూ వెళ్లి, పాస్టరమ్మ గారిని బియ్యం బస్తాలా భుజాన వేసుకుని తెచ్చి, నిలబెట్టి, పమిట సర్దింది. ఆ తర్వాత స్టేజీకి వీపు పెట్టి జనం వైపు తిరిగింది. కాళ్లు ఎడంగా, చేతులు పక్కలకు చాచి. ఆమెకు కొట్టినన్ని చప్పట్లు ఆ రోజు మాకు ఎవరూ కొట్టలేదు. ఆఖరి పాట అయ్యేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

మర్నాడు సంఘంలో నాన్న తల ఎత్తలేదు. సాక్ష్యాల వేళ అత్త లేచి నిలబడింది, ముక్కు వాచిపోయి ఉంది. "నా కోడలు పాడింది దేవుని పాట గాదు. నాకూ నచ్చలా. గానీ ఆడ పిల్లకాయలు ఒకళ్లనొకళ్లు పడదోసుకుంటన్నారు, పడినోణ్ణి మళ్లా చెయ్యిచ్చి లేపుతన్నారు. మనం చెయ్యి వెయ్యకుండానే మనుషుల్ని పడేస్తాం, లేపం. నేను ఇంక ప్రతిసారీ పోతాను. నా మోకాళ్ల కోసం ప్రార్థన చేయండి" అని కూర్చుంది. సంఘం పెద్దలు పాటల పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టారు. పాస్టరమ్మ గారు మాత్రం, "ఆ బాబులు నన్ను జాగ్రత్తగానే మోశారులెండి" అన్నారు.

అలా మా బ్యాండుకు ఆమె కాపలా అయింది. ఎవరూ నియమించలేదు. వ్యాన్ ముందు సీటు ఆమెది, డబ్బాలో అన్నం, గోంగూర పచ్చడి ఆమెవి. మా గిటారబ్బాయి ఒకడు షోకు ముందు తాగి వస్తే సీసా లాక్కుని వాడి షూలోనే ఒంపేసింది, తడి షూతోనే వాయించాడు పాపం. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఇస్తే పారేసింది. కొబ్బరినూనెలో తడిపిన దూది పెట్టుకునేది. "నీ పాటలు చెవిలో మేకు కొట్టినట్టు ఉంటయ్యే" అని నా మొహం మీదే అనేది. నేనూ ఆమె పోలికే కాబట్టి, "అయితే గట్టిగా దూది కుక్కుకో" అనేదాన్ని. మా ఇద్దరి మధ్య ప్రేమంటే ఇలాగే ఉండేది.

ఆమె పీటీ టీచరు బుద్ధి మాత్రం పోలేదు. తలుపులు తీయగానే ముందు వరసలోకి వచ్చిన అమ్మాయిలను నిలబెట్టి గోళ్లు చూసేది. పొడుగ్గా ఉంటే జేబులోంచి నెయిల్ కట్టర్ తీసి తనే కత్తిరించేది. పెద్ద పెద్ద చెవి రింగులు తీయించేది. "కోర్టులోకి ఇట్టా వస్తారా? పక్కదాని కన్ను పోతే?" అని తెలుగులోనే తిట్టేది. వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా బుద్ధిగా చేతులు చాచేవాళ్లు. కొన్నాళ్లకు అది ఒక వేడుకైపోయింది. "ఆంటీ! ఆంటీ!" అని పిలుస్తూ, ఒళ్లంతా పచ్చబొట్లున్న మనుషులు ఆమె ముందు వరస కట్టి గోళ్లు చూపించుకునేవాళ్లు.

ఒకసారి వ్యాన్‌లో వెళ్తుంటే, ఎప్పుడూ జనం వైపే తిరిగి నిలబడతావేం, ఒక్క పాటకైనా నన్ను చూడవా అని అడిగాను. కుడి కనుబొమ్మ మీద ఉన్న మచ్చ తడుముకుంది. ఏదో ఊళ్లో పోటీ అట. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని ఆడుతున్నారని గ్రౌండు నిండా మగవాళ్లు వచ్చారు. మొదటి సగం ఈలలు, చప్పట్లు. రెండో సగంలో రాళ్లు. ఒక రాయి ఈమె కనుబొమ్మను చీల్చింది. ఆట ఆపుదామంటే వద్దంది. కంట్లోకి నెత్తురు కారుతుండగానే ఇంకో ఇద్దరిని పట్టిందట.

"చప్పట్లు కొట్టింది వాళ్లే, రాళ్లేసింది వాళ్లే. రాయి వెనకాల నించి వచ్చింది, నేను అటు చూస్తా ఉండలా, తల తిప్పేసరికి తగిలింది. అప్పట్నించి జనానికి నా వీపు చూపించను" అంది.

బ్యాండు పెరిగింది. మొదటి ఆల్బం ఆష్‌బర్న్‌లో నాన్న స్నేహితుడైన ఒక అంకుల్ ఇంటి బేస్‌మెంట్‌లో, ఆయన హోమ్ థియేటర్ గదిలో రికార్డు చేశాం. రెండో ఆల్బం ఒక చిన్న లేబుల్ తీసుకుంది. గోదాముల నుంచి థియేటర్లకు, థియేటర్ల నుంచి పెద్ద సంగీత పండగల స్టేజీలకు వెళ్లాం. జనం పెరిగేకొద్దీ రకం మారింది. మా పాటల్లో కోపం ఉంటుంది, నిజమే. ఆడపిల్లల మీద చేయి వేసేవాళ్ల మీద, మా రంగు చూసి నవ్వేవాళ్ల మీద. ఆ కోపం తమ మీదేనని అర్థం కాని మగవాళ్లు కొందరు దెబ్బలాటకే టిక్కెట్టు కొని రావడం మొదలుపెట్టారు. ఒక ఊళ్లో సీసా వచ్చి జోయీ మోచేతికి తగిలింది, కుట్లు పడ్డాయి. ఇంకో ఊళ్లో ఒకడు నా జుట్టు పట్టుకుని లాగాడు. అత్త వాడి మణికట్టు మెలిపెట్టిన చప్పుడు మైకులో వినిపించింది. నేను పాడుతూనే ఉన్నాను. అప్పట్లో నాకు భయమంటే తెలియదు.

తెలిసింది ఆ తర్వాతి టూర్‌లో. ఇండియానాలో ఒక పాత థియేటర్. ఒకడు కుడి వైపు నుంచి, అత్తకు దూరంగా ఉన్న వైపు నుంచి, స్టేజీ ముందున్న ఇనుప కంచె దాటి పైకి ఎక్కాడు. వాడి మొహంలో కోపం కూడా లేదు. మైకు తీగను నా మెడకు చుట్టి లాగాడు. వెనక్కి ఈడ్చుకుంటూ స్టేజీ అంచు మీంచి నాతో సహా కిందికి దూకాడు. నేను ఇనుప కంచె మీద పడ్డాను. భుజం దగ్గరి ఎముక విరగడం నాకు లోపలి నుంచి వినపడింది. ముందు పన్ను ఎగిరిపోయింది. వాడు తీగ వదల్లేదు.

అత్త స్టేజీ ముందు ఆ మూల నుంచి ఈ మూలకు ఎలా పరిగెత్తిందో నేను చూడలేదు. తర్వాత వీడియోలో చూశాను. చేతులు నేలకు తగిలేంత వంగి వచ్చింది. చీలమండ పట్టి గుంజింది. వాడు పడేటప్పుడు గడ్డం కంచెకు తగిలి చీలింది. వాడి రెండు కాళ్ల మీద కూర్చుని పాదం మెలితిప్పింది. పోలీసులు వచ్చేసరికి వాళ్లకు కనపడింది, ఒక పెద్దామె కింద పడి కేకలు పెడుతున్న మగాడు. వదలమన్నారు. "విజిల్!" అంది అత్త. మళ్లీ వదలమన్నారు. "నో విజిల్, నో లీవ్!" అని అరిచింది. ఒకతను ఆమె భుజాలు పట్టి లాగబోయాడు. ఆటలో రెఫరీ ఈల వేసేదాకా పట్టు వదలరన్న సంగతి అర్థమైంది జోయీ ఒక్కదానికే. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని గట్టిగా ఈల వేసింది. అత్త వెంటనే చేతులు వదిలేసి పక్కకు జరిగింది.

హాస్పిటల్లో కళ్లు తెరిచేసరికి అత్త మంచం పక్కన ఉంది. ఆమె చేతికీ కట్టు ఉంది. నేను ఏడుస్తున్నాను. ఊరుకోమని అనలేదు, తల నిమరలేదు. "వాడు లాగినప్పుడు కూత ఆపావా?" అని అడిగింది.

తెలియదన్నాను.

"ఆపలా. నేను విన్నాను. మైకు చేతిలో లేకపోయినా అరస్తానే ఉండావు. ఊపిరి వదలందే ఔట్ అవ్వరు కోడలా. నువ్వు ఔట్ కాలా."

ఎముక అతుక్కుంది, పన్ను పెట్టించుకున్నాను, గొంతుకేమీ కాలేదని డాక్టర్లన్నారు. కానీ నా ముందు నలుగురు మనుషులు గుమిగూడితే చాలు, తలుపు ఎటుందో చూసుకుని బయటికి వచ్చేసేదాన్ని. నేను పగలు పనిచేసే ఆఫీసులో మీటింగుకు కూడా గోడకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. ప్రాక్టీసులో ముగ్గురి ముందు పాడగలను, తలుపు తీసి నాలుగో మనిషి వస్తే ఆగిపోతాను. టూర్ మధ్యలో ఆగిపోయింది. లేబుల్ వాళ్లు కొన్నాళ్లు చూసి, వేరే సింగర్‌ను పెట్టుకోమని జోయీకి చెప్పారు. జోయీ వాళ్లను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నాన్న మాత్రం ఒకటే మాట. "చాలమ్మా. జాబ్ ఉంది, గ్రీన్ కార్డ్ వచ్చింది. ఇంక ఆపేయ్, నీకు దణ్ణం పెడతాను."

ఒక శనివారం అత్త నన్ను తన ఇంటి వెనక లాన్‌లోకి రమ్మంది. పచ్చగడ్డి మీద గార్డెన్ పైపును అడ్డంగా పరిచి ఉంది. అదే నడిమి గీత. అవతల మా సంఘం ఆడవాళ్లు కొందరు, ట్రాక్ ప్యాంట్లు వేసుకుని నిలబడ్డారు. ఒకావిడ నర్సు, ఒకావిడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో లీడు, మోకాలి పట్టీలతో పాస్టరమ్మ గారు. అందరూ చిన్నప్పుడు స్కూళ్లలో ఆడినవాళ్లే.

"కూత పెట్టు. వాళ్లలోకి పో" అంది అత్త.

వెళ్లాను. నాలుగు అడుగులు వేశానో లేదో పడేశారు. మీద పడి అదిమేశారు. మళ్లీ లేచాను, మళ్లీ పడేశారు. మెత్తగా ఏమీ కాదు. మోచేతులు దోక్కుపోయాయి, నోట్లో మట్టి. మొదటి రోజు అక్కడే వాంతి చేసుకున్నాను. "మా ఆఫీసులో టీం బిల్డింగ్ అని గేమ్స్ పెడతారు గానీ, ఇంత బాగుండదండీ" అంది టెస్టింగ్ ఆవిడ, నా నడుము మీద కూర్చునే. ప్రతి శనివారం అదే పని. ఒళ్లు హూనమయ్యేది. అత్త పక్కన నిలబడి, "ఎదురొచ్చేదాని మొహం చూడకే, భయమేస్తుంది. కాళ్లు చూడు, యాడికి పోతదో తెలుస్తుంది" అని అరిచేది. చలికాలం పోయి ఎండలు వచ్చాయి. ఒక రోజు నలుగురు నన్ను పట్టుకుని ఉండగానే, ఊపిరి వదలకుండా గడ్డి మీద పాక్కుంటూ వచ్చి పైపును తాకాను. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త మాత్రం, "మధ్యలో కూత సన్నబడింది. మళ్లా పెట్టు" అంది. నాకు ఆ మాట విని ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను.

మనుషులు మీద పడితే భయం పోయింది గానీ, స్టేజీ మీంచి అన్ని మొహాలు ఒక్కసారి నన్నే చూస్తుంటే భయం పోలేదు. తిరిగి మొదటి షో నాడు తెర వెనక బిగుసుకుపోయి నిలబడితే, అత్త నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. "నువ్వు నన్ను చూడు. జనాన్ని నేను చూసుకుంటా" అంది.

అప్పటి నుంచి అదే ఒప్పందం. నేను స్టేజీ మీద అటూ ఇటూ గెంతుతాను, కానీ నా చూపు మాత్రం ఎడమ మూల ఆమె వీపు మీద. మూడో ఆల్బం, దాని వెనక వచ్చిన పేరు, పెద్ద హాళ్లు, అన్నీ ఆ వీపును చూస్తూ పాడినవే. నేను కళ్లు పక్కకు తిప్పి పాడటం చూసి, ఆ చూపులో ఏదో లోతు ఉందని ఎవరో రాశారు. వాళ్లకేం తెలుసు, నేను చూస్తున్నది కొప్పులోంచి జారిన నెరిసిన వెంట్రుకలు, చెమటకు తడిసిన నీలం చుడీదార్ అని. ఆ కొప్పు నా కళ్ల ముందే తెల్లబడింది. ఆ భుజాలు నా కళ్ల ముందే వంగాయి. అయినా ఒక్క రోజూ ఆమె కూర్చోలేదు.

ఆష్‌బర్న్‌కు బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఆమె ఇంట్లోనే తిన్నాను. చేపల పులుసు చేసింది. మోకాలికి నూనె రాసుకుంటూ, "ఇంకెన్నాళ్లు నా వీపు చూస్తావే? మొహాలు చూడరాదూ. మరీ అంత చెడ్డోళ్లేం గాదు" అంది. ఇప్పుడు కాదులే అత్తా అన్నాను. "సర్లే, ముళ్లు చూసుకుని తిను" అంది. అదే ఆఖరు.

భూస్థాపన రోజు సంఘం బయట నల్ల చొక్కాలు వేసుకున్న మనుషులు చాలామంది నిలబడ్డారు. మా షోలకు వచ్చేవాళ్లు. ఎక్కడెక్కడి నుంచో డ్రైవ్ చేసుకుని వచ్చారు, లోపలికి రావడానికి మొహమాటపడుతున్నారు. పాస్టరమ్మ గారు వెళ్లి చేతులు పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. పెట్టె దగ్గర వరస కట్టినప్పుడు, మెడ నిండా పచ్చబొట్లున్న ఒక అమ్మాయి అత్త ముందు నిలబడి రెండు చేతులూ చాచి గోళ్లు చూపించింది. అంతసేపూ రాయిలా ఉన్న నేను అక్కడ కూలబడి ఏడ్చాను.

ఇంటికి వెళ్తూ కారులో నాన్న అన్నాడు. "రాలీ షో కాన్సిల్ చేసెయ్ అమ్మా. అక్క లేదుగా. ఇంక నీ ముందర ఎవరు నిలబడతారు?" ఆయనను కోప్పడలేకపోయాను. నేను కూడా అదే అడుగుతున్నాను, ఫోన్ వచ్చిన దగ్గర నుంచీ.

కాన్సిల్ చేయలేదు. చేస్తే ఇంక ఎప్పటికీ ఎక్కనని నాకు తెలుసు.

రాలీలో హాలు నిండింది. ఎడమ మూల హాలు వాళ్లు ఒక గార్డును పెట్టారు. ఆరడుగుల పైన ఉన్నాడు. దీపాలు వెలిగాయి, జోయీ మొదలుపెట్టింది, నేను మైకు పట్టుకుని ఎడమ వైపు చూశాను. వేరే వీపు. నా కాళ్లు వాటంతటవే తిరిగిపోయాయి. చూసుకుంటే జనానికి వీపు పెట్టి జోయీ మొహం చూస్తూ నిలబడి ఉన్నాను. జోయీ ఆపలేదు, పాట మొదలునే తిప్పి తిప్పి వాయిస్తూ నన్నే చూస్తోంది. వెనక ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. ఇంకెవరో బూతు తిట్టారు. ఒక ప్లాస్టిక్ గ్లాసు ఎగిరి వచ్చి నా వీపుకు తగిలింది. చల్లటి బీరు నడుము దాకా కారింది.

భయం వేస్తుందనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. గ్లాసు విసిరినవాడి మీద కాదు, వీపు చూపించి కొట్టించుకుంటున్న నా మీద. మైకు తీగ లాక్కుంటూ ఎడమ మూలకు నడిచి కిందికి దూకాను. గార్డు పాపం నన్ను కాపాడబోయాడు, మోచేత్తో పక్కకు తోశాను. కంచెకూ స్టేజీకీ మధ్య, అత్త నిలబడే చోట, కాళ్లు ఎడంగా పెట్టి, జనం వైపు తిరిగి పాట ఎత్తుకున్నాను.

ఒక్కసారిగా అందరూ ముందుకు తోసుకొచ్చారు. కంచె వచ్చి నా నడుముకు గుద్దుకుంది. ఎవరి చెయ్యో పెదవికి తగిలి చిట్లింది, నోట్లో ఉప్పగా నెత్తురు. పాట ఆపలేదు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ మూల నిలబడ్డాక అత్త ఇన్నేళ్లలో నేను పాడుతుంటే ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె చూసిందంతా ఇదే. బెత్తెడు దూరంలో చెమటకు తడిసిన మొహాలు, పళ్లు బిగించిన మొహాలు, ఏడుస్తున్న మొహాలు. మా గరాజులో కూర్చుని నేనొక్కదాన్నే రాసుకున్న మాటలు అన్ని నోళ్లలో ఉన్నాయి. నా పాట మనుషుల్ని ఏం చేస్తుందో నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

నాకు ఎదురుగా ఒకామె ఉంది. తెల్లామె, అత్త వయసే ఉంటుంది. రెండు చేతులతో కంచె పట్టుకుని నోరంతా తెరిచి పాడుతోంది. వెనక నుంచి జనం ఆమె మీద పడుతున్నారు, పడ్డ ప్రతిసారీ ఆమె పక్కటెముకలు ఇనుముకు కొట్టుకుంటున్నాయి. అయినా ఆమె నా మొహం మీంచి చూపు తిప్పలేదు. నా గడ్డం మీంచి నెత్తురు కారుతుండగా, పాట అయ్యేదాకా నేనూ తిప్పలేదు.